టెంకాయ అంటే మార్కు వేస్తారా?

ఉద్యోగాల కోసం ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టుకున్న దాన్ని నేను. అలాంటిది ఈమధ్య ఒక శనివారం తిరుపతిలో టేబుల్‌కి అవతలి వైపు కూర్చున్నా. అంటే, ప్రశ్నలడిగే వైపు. ఫ్యాన్ కింద కుర్చీ, ముందర బిస్కెట్ల ప్లేటు, చేతిలో ఐదుగురి బయోడేటాలు. గేటు తీసుకుని ఒక్కొక్కరూ లోపలికొస్తుంటే వాళ్లకంటే ముందు నాకే చెమటలు పట్టాయి.

ఉద్యోగం పేరు పిల్లల క్లినికల్ సైకాలజిస్ట్. చోటు, లీలామహల్ సర్కిల్ నుంచి ఆటోలో పది నిమిషాలు పోతే వచ్చే చిన్న ఆటిజం సెంటర్. కింద డాక్టరమ్మ ఇల్లు, మేడ మీద సెంటర్. పేరు రాయొద్దన్నారు, రాయను.

నేను డాక్టర్ని కాను. సైకాలజీ చదవలేదు. బీకాం కంప్యూటర్స్. మరి నన్నెందుకు పిలిచారంటే, నేనొక అక్కని. “ప్యానెల్లో ఇంటివాళ్లు ఒకరు ఉండాలమ్మా. అమ్మల్ని పిలిస్తే వచ్చినోళ్లందరినీ దేవుళ్లలా చూస్తారు. నువ్వైతే మొహం మీద అడుగుతావు” అన్నారు డాక్టరమ్మ. పొగిడారో తిట్టారో అర్థం కాలేదు గానీ, వెళ్లా.

మా చిన్నోడు చిత్తూరులో పుట్టాడు. నాకంటే పదకొండేళ్లు చిన్న. రెండేళ్లు దాటినా మాటల్లేవు. పిలిస్తే తిరిగి చూడడు. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందకి దూరేవాడు. “మగపిల్లకాయలకి మాటలు లేటుగానే వస్తాయిలే. మీ నాయనకి నాలుగేండ్లకి గదా వచ్చింది” అనేది మా అవ్వ. కాణిపాకంలో మొక్కుకున్నాం. కొండకి నడిచి ఎక్కాం. వాడికి నాలుగేళ్లొచ్చాయి.

అప్పుడు ఎవరో చెబితే ‘చైల్డ్ సైకాలజిస్ట్’ అని బోర్డు పెట్టిన ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. మొత్తం ఇరవై నిమిషాలు. చెక్కముక్కలు ముందర పోసి, “పెట్టు, ఇందులో పెట్టు” అన్నాడాయన. మావాడు ఒక్కో ముక్కనీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. బయటికొచ్చేసరికి మా చేతిలో ఒక పేజీ రిపోర్టు: బుద్ధిమాంద్యం, చదువు రాదు, తిండీ బట్టా లాంటి పనులు నేర్పించుకోండి. నాన్న ఆ కాగితం నలిగిపోకుండా లామినేషన్ చేయించాడు.

మూడేళ్లు ఆ కాగితాన్ని నమ్మాం. ఆ మూడేళ్లలో వాడికి ఒక్కరంటే ఒక్కరు పలక పట్టుకుని అక్షరం చూపించలేదు. నాతో సహా.

వాడి ఏడో ఏట ఒక సాయంత్రం చిత్తూరు బస్టాండులో కూర్చుని ఉన్నాం. వాడు బస్సుల వంక చూస్తూ ఏదో గొణుగుతున్నాడు. చెవి దగ్గర పెట్టి విన్నా. కాణిపాకం. పలమనేరు. పుంగనూరు. బోర్డులు చదువుతున్నాడు! తమిళనాడు బస్సు మీద తమిళంలో రాసిన కాట్పాడి కూడా. ఎవరు నేర్పారో ఈరోజుకీ మాకు తెలీదు.

చిత్తూరోళ్లకి తిరుపతి కంటే రాయవేలూరు దగ్గర. ఆ నెలలోనే సీఎంసీకి తీసుకెళ్లాం. అక్కడ ఒక పూటలో ఏదీ తేల్చలేదు. ముందు చెవి పరీక్ష. తర్వాత వాణ్ని ఆడుకోనిచ్చి పక్కనుంచి చూశారు. అమ్మతో గంటలకొద్దీ మాట్లాడారు. చివరికి చెప్పారు, ఆటిజం అని. లామినేషన్ కాగితం చూపిస్తే ఆ మేడం చదివి, ఏమీ అనకుండా మడతపెట్టబోయారు. అది మడత పడదు కదా. టేబుల్ మీద బోర్లా పెట్టారు.

మాకు రిపోర్టు రాసిచ్చినాయనకి ఆ టెస్టు చేసే అర్హతే లేదని తర్వాతెప్పుడో తెలిసింది. అందుకే ఆ శనివారం నేను ఆ కుర్చీలో కూర్చున్నా.

బోర్డు కాదు, నంబరు చూడండి

ఇక్కడ కాస్త పాఠం చెప్పాలి, ఓపిక పట్టండి. మన దగ్గర సైకాలజిస్ట్, కౌన్సెలర్, థెరపిస్ట్ అనే మాటల్ని ఎవరు పడితే వాళ్లు బోర్డు మీద రాసేసుకుంటున్నారు. ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అనే మాట మాత్రం అట్లా కాదు. 1992లో వచ్చిన చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ ఉంది. దాని సెంట్రల్ రిజిస్టర్‌లో పేరుండాలి. ఒక నంబరిస్తారు, దాన్ని ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోవాలి. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో పేరో నంబరో కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. రెండు నిమిషాల పని. మా నాన్నకి అప్పుడీ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆ రిజిస్ట్రేషన్ రావాలంటే ఎమ్మే, ఎమ్మెస్సీ సైకాలజీ ఒక్కటే చాలదు. ఆ పైన ఆసుపత్రిలో పేషెంట్ల మధ్య, సీనియర్ల పర్యవేక్షణలో రెండేళ్ల ఎం.ఫిల్. చేయాలి. ఇన్నేళ్లుగా దారి ఇదే. సీట్లు చాలా తక్కువ. బెంగళూరు నిమ్హాన్స్‌లో సీటొచ్చిందంటే ఊళ్లో ఫ్లెక్సీ కట్టొచ్చు. పైగా 2022 నవంబరులో యూజీసీ ఎం.ఫిల్.నే ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 విద్యాసంవత్సరం దాకా గడువిచ్చింది. దాని స్థానంలో కొత్త కోర్సులొస్తున్నాయి. ఈ లైన్లోకి వద్దామనుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, చేరే ముందు ఆ కోర్సుకి, ఆ కాలేజీకి ఆర్‌సీఐ గుర్తింపు ఉందా లేదా చూసుకోండి. ఫీజు కట్టేశాక చూసుకుంటే ఏడుపే.

ఇంకో గందరగోళం. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. పరీక్షలు చేస్తారు, పిల్లాడికేమొచ్చు, ఏది కష్టం, ఎక్కడ మొదలుపెట్టాలి అని తేలుస్తారు, ఇంటివాళ్లకి దారి చూపిస్తారు. ఆ తర్వాత మాటల కోసం స్పీచ్ థెరపిస్ట్, రోజువారీ పనుల కోసం ఆక్యుపేషనల్ థెరపిస్ట్, చదువు కోసం స్పెషల్ ఎడ్యుకేటర్. మొదటి కాగితం తప్పయితే మిగతా ముగ్గురూ తప్పు రోడ్డులో బండి తోలతారు. మా ఇంట్లో జరిగింది అదే.

సికింద్రాబాద్‌లో ఇప్పుడు నీపిడ్ అని పిలిచే జాతీయ సంస్థ ఉంది. మన దేశంలో ఆటిజం సర్టిఫికెట్‌కి వాడే ఐసా అనే స్కేలు తయారైంది అక్కడే. 40 ప్రశ్నలు. ఒక్కోదానికీ ఒకటి నుంచి ఐదు. మొత్తం 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు. 70 నుంచి 106 దాకా తక్కువ, 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆ పైన తీవ్రం. వినడానికి ఇంతే. కానీ ‘కళ్లలోకి చూస్తాడా’ అనే ప్రశ్నకి రెండు వేయాలా నాలుగు వేయాలా అనేది ఆ పిల్లాడిని ఎంతసేపు, ఎట్లా చూశారన్న దాన్ని బట్టే ఉంటుంది. ఒక్క ప్రశ్నలో తేడా వస్తే ఏం కాదు. ఇరవై ప్రశ్నల్లో వస్తే పిల్లాడే మారిపోతాడు, కాగితం మీద.

ఒక వీడియో, ఐదుగురు

ప్యానెల్లో నలుగురం. డాక్టరమ్మ, రిటైరైన సైకాలజీ ప్రొఫెసర్ గారు, సెంటర్లో పనిచేసే స్పీచ్ థెరపిస్ట్, నేను. ఎవరి ప్రశ్నలు వాళ్లవి. నాకు ఒక ప్రశ్న వదిలారు.

నా ఫోన్లో మా చిన్నోడి పాత వీడియో ఉంది. నాలుగేళ్లప్పటిది. ఎర్రచొక్కా వేసుకుని వరండాలో స్టీలు ప్లేటు బొంగరంలా తిప్పుతుంటాడు. అమ్మ ఆరుసార్లు పిలుస్తుంది, చూడడు. ప్లేటు పడి మోగేసరికి చెవులు మూసుకుని ఏడుస్తాడు. అంతే, ఒకటిన్నర నిమిషం. అది చూపించి “ఈ అబ్బాయి గురించి ఏమంటారు?” అని అడగాలి. అమ్మని అడిగితే “చూపించుకోవే, ఏమయింది” అంది.

మొదటాయన ఫైలు చూసి బెదిరిపోయా. పద్నాలుగు సర్టిఫికెట్లు, అన్నీ లామినేషనే. (ఈ జన్మలో నాకు లామినేషన్ అంటే పడదు.) సగం వారాంతపు ఆన్‌లైన్ కోర్సులు. వీడియో ముప్పై సెకన్లు చూసి, “సివియర్ ఆటిజం మేడం. ఆరు నెలలు నా చేతిలో పెట్టండి, మామూలు పిల్లాడిని చేసిస్తా” అన్నాడు. ఆర్‌సీఐ నంబరు అడిగితే “అప్లై చేసి ఉన్నానండీ.” స్టెమ్ సెల్ చేసే చోట తనకి తెలిసినవాళ్లు కూడా ఉన్నారట. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టేశారు. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫార్సు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ ఎథిక్స్ బోర్డు 2022 డిసెంబరులోనే చెప్పింది. అయినా పొలం అమ్మి డబ్బు కట్టడానికి సిద్ధపడే అమ్మానాన్నలుంటారు. నాకు కోపం రాలేదు, భయమేసింది. ఎందుకంటే ఆయన మాట్లాడుతుంటే వినడానికి హాయిగా ఉంది. పదకొండేళ్ల కిందట మా నాన్న స్థానంలో నేనున్నా ఆయన్నే నమ్మేదాన్ని.

రెండో ఆమెది విశాఖ. రిజిస్ట్రేషన్ ఉంది, నాలుగేళ్ల అనుభవం. వీడియో పూర్తిగా చూసి, “ఇది చూసి నేనేం చెప్పలేను. వినికిడి పరీక్ష అయ్యిందా అని ముందు అడుగుతాను” అంది. నా గుండె ఒక్కసారి కొట్టుకుంది.

ఆ తర్వాత డాక్టరమ్మ తన ప్రశ్న తీశారు. “పిల్లాడికి బొమ్మలు చూపించి పేర్లు అడుగుతున్నావమ్మా. కొబ్బరికాయ బొమ్మ చూసి వాడు టెంకాయ అన్నాడు. మార్కు వేస్తావా?”

ఆమె కాస్త తడబడి, “టెంకాయంటే ఏంటి మేడం?” అంది.

అందరం నవ్వేశాం. ఆమె కూడా. కానీ సమస్య నవ్వులాట కాదు. మా వైపు కొబ్బరికాయ టెంకాయ. ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ. మరమరాలంటే మాకు తెలీదు, అవి బొరుగులు. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళం, బడిలో తెలుగు మాట్లాడే పిల్లకాయలు బోలెడుమంది. చేత్తో పట్టుకున్న పుస్తకంలో లేదని ఆ మాటల్ని కొట్టేస్తే, మాటలొచ్చిన పిల్లాడు మాటల్లేని పిల్లాడైపోతాడు. విశాఖ ఆమె బ్యాగులోంచి నోట్‌బుక్ తీసి, “ఇంకా ఏమున్నాయో చెప్పండి, రాసుకుంటాను” అంది. పది నిమిషాలు ఇంటర్వ్యూ ఆపేసి మేం నలుగురం కూరగాయల పేర్లు చెప్పాం. ప్రొఫెసర్ గారు చీపురుని పరక అంటారని గుర్తుచేశారు.

మూడో ఆమెది పుత్తూరు దగ్గర పల్లె. స్పెషల్ ఎడ్యుకేటర్, ఏడేళ్లుగా పిల్లలతోనే పని. ఆమె మెట్లెక్కి వస్తుంటే, పక్కగదిలో థెరపీకి వచ్చిన ఒక పాప ఆమె గాజులు పట్టుకుని వదల్లేదు. ఈమె గాజు తీసి ఇచ్చేసి లోపలికొచ్చింది. వీడియో చూసి, “ఆ ప్లేటు లాక్కోబాకండి మేడం. నేనయితే ఇంకో ప్లేటు తెచ్చుకుని వాడి పక్కనే కూర్చుని తిప్పుతా. వాడు ఒక్కసారన్నా నా ప్లేటు చూస్తాడు గదా. ఆడ మొదలుపెడతా” అంది.

నాకు లేచి దండం పెట్టాలనిపించింది. కానీ ఆమెకున్న ఆర్‌సీఐ నంబరు స్పెషల్ ఎడ్యుకేటర్‌ది. క్లినికల్ సైకాలజిస్ట్‌ది కాదు. టెస్టు రిపోర్టు మీద ఆమె సంతకం చెల్లదు. “తెలుసు మేడం. జీతం ఎక్కువని పెట్టినా. ఇంట్లో ఇద్దరు పిల్లకాయలు” అంది దాచుకోకుండా. సంతకానికి, పనితనానికి మధ్య ఇంత దూరం ఉంటుందని ఆరోజే తెలిసింది. అట్లని సంతకం వదిలేద్దామా? వదిలేస్తే మళ్లీ మా ఇంటికొచ్చిన కాగితమే ఇంకో ఇంటికి పోతుంది.

నాలుగో అమ్మాయి బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో. మూడుసార్లు కట్ అయింది. నాలుగోసారి, పెళ్లి కుదిరిందనీ, డల్లాస్ వెళ్తుందనీ చెప్పింది. శుభం అన్నాం.

ఐదో అబ్బాయి పలమనేరు వాడు. ఎం.ఫిల్. అయ్యి కొన్ని నెలలే. రిజిస్ట్రేషన్ ఉంది, ఉద్యోగం ఇదే మొదటిది. ప్రతి ప్రశ్నకీ ఆలోచించి ఆలోచించి జవాబు చెబుతాడు. ప్రొఫెసర్ గారికి ఓపిక అయిపోతోంది. “తల్లి వచ్చి, ‘నా వల్లే వీడికిట్లా అయిందా’ అని అడిగితే ఏం చెబుతావు నాయనా?” అన్నారాయన.

ఈ ప్రశ్న వెనక పెద్ద కథుంది. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం అనేది వైద్యుల దృష్టికి గట్టిగా వచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు, ప్రేమ చూపని తల్లుల వల్లే ఇది వస్తుందన్నారు. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో దాని మీద ఏకంగా పుస్తకమే రాశాడు. అది తప్పని ఎప్పుడో తేలిపోయింది. అయినా మా వీధిలో ఇంకా తేలలేదు. అమ్మ ఉద్యోగానికి వెళ్లడం వల్ల అని ఒకరు, ఫోన్ ఇవ్వడం వల్ల అని ఇంకొకరు. ఫోన్ ఎక్కువైతే పిల్లలకి మాటలు వెనకబడొచ్చు, అది వేరే సంగతి. ఫోన్ వల్ల ఆటిజం రాదు.

“మీ వల్ల కాదని మూడుసార్లు చెప్తా సార్” అన్నాడు పలమనేరు అబ్బాయి. “మూడు వేరే వేరే రోజుల్లో. మొదటిరోజు వాళ్లకి ఏమీ వినపడదు.”

డాక్టరమ్మ టెంకాయ ప్రశ్న వేశారు. “మా ఇంట్లో కూడా టెంకాయే మేడం” అన్నాడు. ఈసారి ప్రొఫెసర్ గారు కూడా నవ్వారు.

చివర్లో నా వంతు. వీడియో చూశాడు. మళ్లీ ఒకసారి చూస్తానన్నాడు. ఫోన్ నా వైపు తిప్పి, “ఈ అబ్బాయికి ఇప్పుడు ఎన్నేళ్లండీ?” అన్నాడు.

“పదిహేను.”

“ఇది చూపించడానికి ఒప్పుకున్నాడా?”

గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మని అడిగాను. వాణ్ని అడగలేదు. అడగాలనే తోచలేదు. ఆరోజు ఐదుగురిని పరీక్షించిన దాన్ని, ఆ ఒక్క ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

ఓట్లు వేశాం. మూడు విశాఖ ఆమెకి, ఒకటి పలమనేరు అబ్బాయికి. ఆ ఒకటి ఎవరిదో చెప్పక్కర్లేదు. వాళ్లది తప్పని అనను. నాలుగేళ్ల అనుభవం మాటలా? పుత్తూరు ఆమెని డాక్టరమ్మ స్పెషల్ ఎడ్యుకేటర్‌గా తీసుకున్నారు, ఆమె అడిగిన దానికి కాస్త తక్కువ జీతంతో. ఎనిమిది రోజుల తర్వాత విశాఖ ఆమె ఫోన్ చేసి, హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి దాదాపు రెట్టింపు ఇస్తానంటోందని చెప్పింది. “సారీ మేడం, టెంకాయ మర్చిపోను” అందట. అట్లా పలమనేరు అబ్బాయి చేరాడు. ఏడాది పాటు తన రిపోర్టులన్నీ ఒక సీనియర్ చూడాలని తనే షరతు పెట్టాడు.

ఇది చదివి ‘మా ఊళ్లో ఇలాంటి సెంటరే లేదు, మేమేం చేయాలి’ అనేవాళ్లకి ఒక మాట. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013 నుంచి ఉంది. అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షించి అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి, అదే డీఈఐసీకి పంపాలి. ఖర్చు లేదు. ఎవరూ పంపకపోయినా మీరే అంగన్‌వాడీ టీచర్ని, ఆశా కార్యకర్తని గట్టిగా అడగండి. బడి వయసు పిల్లలకి మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది కాబట్టి సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు వస్తాయి. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ పథకంలో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా కూడా ఉంది. మా నాన్న ఇవన్నీ తెలుసుకోవడానికి ఆరేళ్లు పట్టింది.

ఆ శనివారం రాత్రి చిత్తూరు బస్సెక్కా. చంద్రగిరి దాటేదాకా ఆ వీడియో డిలీట్ చేద్దామా వద్దా అని ఫోన్ తీయడం, లోపల పెట్టడం. ఇంటికెళ్లేసరికి చిన్నోడు సంగటి తింటున్నాడు. పక్కన కూర్చుని చెప్పా. “నీ చిన్నప్పటి వీడియో ఈరోజు వేరేవాళ్లకి చూపించినా రా. నిన్ను అడగకుండా.”

ఫోన్ తీసుకున్నాడు. చూశాడు. ప్లేటు పడే చోట ఆపాడు. వెనక్కి జరిపాడు. మళ్లీ ఆపాడు. “ఇది వద్దు” అన్నాడు.

ఈ వ్యాసం రాసే ముందు మళ్లీ అడిగా. “రాయి. ఫొటో వద్దు” అన్నాడు. అందుకే ఇక్కడ ఫొటో లేదు.

ఆరోజు మాత్రం ఫోన్ వెంటనే తిరిగివ్వలేదు. గ్యాలరీలో వేలితో పైకీ కిందకీ జరుపుతూ చాలాసేపు వెతికాడు. పోయిన నెల బస్టాండులో నేను తీసిన వీడియో దగ్గర ఆగాడు. నీలం చొక్కాలో నిలబడి, ఒక్కో బస్సు లోపలికొచ్చేకొద్దీ చెయ్యి చూపిస్తూ గట్టిగా చదువుతున్నాడు అందులో. కాణిపాకం. పలమనేరు. పుంగనూరు. కాట్పాడి.

“ఇది చూపించు” అన్నాడు.